విదేశాల్లో టీచర్ ఉద్యోగం: మీ సర్టిఫికేట్లకు జవాబు చెప్పేదెవరు?

హన్మకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో ఫిజిక్స్ చెప్తున్న రోజుల్లో నాకు గల్ఫ్ నుంచి మొదటి ఆఫర్ లెటర్ వచ్చింది. ఇంట్లో అందరం సంబరపడ్డాం. ఆ లెటర్ కింద చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంది: అటెస్ట్ చేయించిన, అంటే ఇవి నిజమైనవేనని ప్రభుత్వ ముద్రలు వేయించిన, డిగ్రీ, బీఎడ్, అనుభవ పత్రాలు 45 రోజుల్లోగా పంపాలి. నాకు నాలుగున్నర నెలలు పట్టింది. ఉద్యోగం పోయింది. తర్వాత ఇంకోటి వచ్చింది, వెళ్లాను, ఐదేళ్లు చేసి వచ్చాను, కానీ ఆ మొదటిది పోయిన బాధ ఇప్పటికీ ఉంది, ఎందుకంటే చదువు తక్కువై పోలేదు, కాగితాలు సిద్ధంగా లేక పోయింది. ఇప్పుడు మన వైపు నుంచి, వరంగల్ నుంచి, కరీంనగర్, జగిత్యాల నుంచి వెళ్లాలనుకునే టీచర్లు ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఒక్కటే: ఉద్యోగం వెతకడం రేపు మొదలుపెట్టండి, కాగితాల పని మాత్రం ఈరోజే మొదలుపెట్టండి.

మనకు సర్టిఫికేట్ అంటే బీరువాలో, కవర్లో భద్రంగా దాచుకునే వస్తువు. అది మన దగ్గర ఉంటే చాలు, చదువు మనదే అనుకుంటాం. బయటి దేశం వాడికి మన మెమో ఎప్పుడూ చూడని ఒక కాగితం, అంతే. కాకతీయ యూనివర్సిటీ అంటే వాడికి తెలియదు, హోలోగ్రామ్ నిజమైనదో కాదో తెలియదు. వాడికి కావలసింది ఆ కాగితం ఇచ్చినవాళ్ల మాట. "అవును, ఈ అమ్మాయి మా దగ్గరే చదివింది, ఈ మెమో మేమే ఇచ్చాం" అని నోరు తెరిచి చెప్పేవాళ్లు కావాలి. అందుకని మీ దగ్గరున్న ఒక్కో కాగితాన్ని చేతిలోకి తీసుకుని అడగండి: దీనికి జవాబు చెప్పేదెవరు, వాళ్లు ఇప్పటికీ ఉన్నారా, అడిగితే ఎన్నాళ్లకు చెప్తారు? కింద రాసేదంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూ తిరిగేదే.

ముందు అన్నీ చాప మీద పరవండి

పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీవి అన్ని సంవత్సరాల లేదా సెమిస్టర్ల మెమోలు, కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్, ఒరిజినల్ డిగ్రీ, బీఎడ్‌వి మళ్లీ అవన్నీ, పీజీ ఉంటే అవి, టీసీలు, టెట్ మెమో, పాస్‌పోర్ట్, ఆధార్. పరిచాక మార్కులు చూడకండి. పేరు చూడండి, ఒక్కో అక్షరం వేలు పెట్టి చూడండి.

మన దగ్గర ఎక్కువ గొడవ పేరుతోనే. పదో తరగతి మెమోలో "కె. శ్రీలత" ఉంటుంది, ఇంటర్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, డిగ్రీలో "శ్రీలత కె" అవుతుంది, పెళ్లయ్యాక తీసిన పాస్‌పోర్ట్‌లో భర్త ఇంటిపేరు చేరుతుంది. పైగా ఇంగ్లిష్ స్పెల్లింగ్. లత అనే చిన్న పేరులో ఒక మెమోలో హెచ్ ఉంటుంది, ఇంకో మెమోలో ఉండదు. మనకది ఒకే మనిషి. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి ముగ్గురు మనుషులు. ఇంటిపేరు ముందు రాసి అసలు పేరు తర్వాత రాసే మన అలవాటు కూడా వాళ్లను తికమక పెడుతుంది, మీ ఇంటిపేరునే మీ పేరనుకుని ఫారం నింపేస్తారు.

స్పెల్లింగ్ తప్పు యూనివర్సిటీ మెమోలో ఉంటే, పదో తరగతి మెమో చూపించి దిద్దించుకోవచ్చు, ఎందుకంటే మన దేశంలో పేరుకూ పుట్టిన తేదీకీ అన్నిచోట్లా పదో తరగతి మెమోనే ఆధారం. తప్పు పదో తరగతి మెమోలోనే ఉంటే స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్ నుంచి మొదలుపెట్టి స్కూల్ ద్వారా బోర్డుకు వెళ్లాలి, ఎక్కువ కాలం పట్టే పని అది, అందుకే ముందు చూడమంటున్నాను. ఇంటిపేరు పెళ్లి వల్ల మారితే పెళ్లి సర్టిఫికేట్ సరిపోతుంది. ఇనీషియల్‌కూ పూర్తి ఇంటిపేరుకూ ఉన్న తేడా మాత్రమే అయితే, ఈ రెండు పేర్లూ ఒకే వ్యక్తివి అని స్టాంపు పేపర్ మీద నోటరీ అఫిడవిట్ చేయించి ఫైల్లో పెట్టుకోండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే దాన్ని నింపించుకోండి. 2022 నవంబరులో యూఏఈ ఒకే పేరున్న పాస్‌పోర్ట్‌తో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను రానివ్వబోమని చెప్పినప్పుడు మన జిల్లాల వాళ్లు ఎంత టెన్షన్ పడ్డారో చూశాను.

ఊరి పేర్ల సంగతి కూడా చెప్పాలి. మీ పాత మెమో మీద ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది, 2014 జూన్ 2 తర్వాతివాటి మీద తెలంగాణ. మీ పాత సర్వీస్ సర్టిఫికేట్‌లో వరంగల్ జిల్లా అని ఉంటుంది, 2016లో జిల్లాలు విడిపోయాక అదే వీధి వరంగల్ అర్బన్ అయింది, 2021లో హనుమకొండ జిల్లా అయింది. స్కూలు కదలలేదు, జిల్లా పేరు రెండు సార్లు మారింది. వెరిఫికేషన్ చేసేవాడు ఇది తేడా అనుకుని ఆపేస్తాడు. అందుకే కవరింగ్ లెటర్‌లో రాష్ట్రం, జిల్లా ఎప్పుడు విడిపోయాయో తేదీలతో రెండు వాక్యాలు రాయండి. ఫారంలో బోర్డు పేరు అడిగితే మాత్రం మెమో మీద ఏముందో అదే రాయాలి, ఇప్పటి పేరు కాదు.

లామినేషన్ చేయించకండి, చేయించి ఉంటే పీకకండి

మా నాన్న ప్రేమతో చేసిన పని ఇది. నేను డిగ్రీ పాసయిన వారంలోనే నా మెమోలన్నీ తీసుకెళ్లి చౌరస్తాలో లామినేషన్ చేయించుకొచ్చాడు, వాన చుక్క పడ్డా పాడవకూడదని. పదిహేనేళ్ల తర్వాత అటెస్టేషన్‌కు తీసుకెళ్తే మొదటి మాటే "లామినేషన్ ఉంటే తీసుకోం మేడం" అన్నారు. ముద్ర వేయాలన్నా, స్టిక్కర్ అతికించాలన్నా అసలు కాగితం మీదే జరగాలి, ప్లాస్టిక్ మీద కుదరదు. సరే తీసేద్దామని ఒక జిరాక్స్ షాపుకెళ్లాను. "అన్నా, జాగ్రత్త" అంటూనే ఉన్నాను, అతను ఐరన్ బాక్స్‌తో మెల్లగా వేడి చేసి ఒక మూల పట్టుకుని లాగాడు. కొంతదూరం బాగానే వచ్చింది. కుడివైపు కింద ఎగ్జామినేషన్స్ కంట్రోలర్ సంతకం దగ్గరకొచ్చేసరికి సిరా ప్లాస్టిక్‌కు అంటుకుని లేచొచ్చింది. కాగితం మీద సంతకం ఉండాల్సినచోట తెల్లటి మచ్చ మిగిలింది. ఆ ప్లాస్టిక్ ముక్కను వెలుతురుకు పెట్టి చూస్తే సంతకం తలకిందులుగా కనిపిస్తోంది.

మీవి లామినేట్ అయి ఉంటే ఇంట్లో గానీ షాపులో గానీ ప్రయోగాలు చేయకండి. ఆ మెమో ఇచ్చిన బోర్డుకో యూనివర్సిటీకో డూప్లికేట్ కోసం దరఖాస్తు చేసుకోండి. డూప్లికేట్ అంటే నకిలీ అని భయపడేవాళ్లున్నారు, అది అధికారికంగా ఇచ్చే రెండో ప్రతి, అటెస్టేషన్‌కు పనికొస్తుంది. డిజీలాకర్‌లో మీ మెమో కనిపిస్తే దాన్నీ దించుకుని దగ్గర ఉంచుకోండి, అసలుకు బదులు కాకపోయినా డూప్లికేట్ అడిగేటప్పుడు నంబర్లు, సంవత్సరం చెప్పడానికి ఉపయోగపడుతుంది.

యూనివర్సిటీ పనులు

మొదట మీ యూనివర్సిటీ ఏదో సరిగా తేల్చుకోండి. ఇది వినడానికి వింతగా ఉంటుంది కానీ మన వైపు అవసరమే. కాకతీయ యూనివర్సిటీ 1976లో వచ్చింది, అంతకుముందు ఇక్కడున్నది ఉస్మానియా పీజీ సెంటర్. కరీంనగర్‌లో శాతవాహన 2008లో, నిజామాబాద్‌లో తెలంగాణ యూనివర్సిటీ 2006లో వచ్చాయి. కరీంనగర్‌లో చదివినా మీ మెమో మీద కాకతీయ అని ఉంటే మీరు విద్యారణ్యపురికే రావాలి. కాలేజీ ఇప్పుడు ఎవరి కింద ఉందన్నది లెక్కలోకి రాదు, మెమో మీద ఎవరి పేరుందో వాళ్లే జవాబు చెప్తారు.

అక్కడ మీరు తీసుకోవాల్సినవి ఇవి. ఒకటి, ఒరిజినల్ డిగ్రీ. చాలామంది ప్రొవిజనల్‌తోనే ఏళ్లు గడిపేస్తారు, ఇక్కడి ప్రైవేటు స్కూల్లో ఎవరూ అడగరు కాబట్టి. బయటి దేశాలకు అటెస్టేషన్ జరిగేది ఒరిజినల్ డిగ్రీ మీదే, అంటే కాన్వొకేషన్ సర్టిఫికేట్ మీద. రెండు, ట్రాన్స్‌క్రిప్ట్‌లు, అంటే మీ మార్కులన్నీ ఒకేచోట చూపిస్తూ యూనివర్సిటీ ఇచ్చే పత్రాలు, రెండుమూడు సెట్లు. మూడు, మీ చదువు ఇంగ్లిష్ మీడియంలో జరిగితే మీడియం ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్ సర్టిఫికేట్. నాలుగు, జెన్యూన్‌నెస్ సర్టిఫికేట్, అంటే ఈ డిగ్రీ మేమిచ్చిందే, నిజమైనదే అని యూనివర్సిటీ రాసిచ్చేది. అందులోనే గానీ వేరుగా గానీ మీరు రెగ్యులర్‌గా చదివారా, దూరవిద్యలో చదివారా అన్నది కూడా రాయించండి, యూఏఈలో మన డిగ్రీ అక్కడి డిగ్రీకి సమానమని గుర్తించేటప్పుడు ఈ మాట కచ్చితంగా చూస్తారు. కాకతీయ దూరవిద్య కేంద్రమైన ఎస్‌డీఎల్‌సీఈలో లేదా అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో చదివినవాళ్లు ఆ సంగతి దాచకండి. దూరవిద్య డిగ్రీ మన దగ్గర చెల్లుతుంది, కొన్ని దేశాల్లో ఇబ్బంది అవుతుంది, ఆ దేశానికి అప్లై చేసే ముందే కనుక్కుంటే మీ డబ్బు మిగులుతుంది. దాచి తర్వాత బయటపడితే అబద్ధం చెప్పినట్టవుతుంది.

ట్రాన్స్‌క్రిప్ట్ సీల్డ్ కవర్లో పెట్టి, కవరు మూసిన చోట ముద్ర వేసి ఇస్తారు. ఆ కవరు మీరు విప్పారంటే అది ఇక పనికిరాదు. అందుకే సీల్ వేయకముందే, కౌంటర్ దగ్గరే, చదవనిమ్మని అడగండి. నేను అడిగాను. సెక్షన్‌లో ఉన్న పెద్దాయన కొంచెం విసుక్కున్నా ఇచ్చాడు. చూస్తే నా రెండో సంవత్సరం కెమిస్ట్రీ ప్రాక్టికల్ మార్కులు థియరీ గడిలో ఉన్నాయి, థియరీవి ప్రాక్టికల్ గడిలో. "అమ్మా, మంచిపని చేసినవ్, ఇట్లనే పోతే మళ్లీ మళ్లీ తిరగాల్సొచ్చేది" అని ఆయనే మళ్లీ ప్రింట్ తీయించాడు. ఒక సెట్ విడిగా, సీల్ లేకుండా, మీ కోసం కూడా తీసుకోండి.

కొన్ని సంస్థలు, ముఖ్యంగా అమెరికా, కెనడా కోసం డిగ్రీలను అంచనా వేసే డబ్ల్యూఈఎస్ వంటివి, ట్రాన్స్‌క్రిప్ట్ మీ చేతి నుంచి తీసుకోవు, యూనివర్సిటీ నేరుగా పంపాలి. వాళ్ల ఫారం ఒకటి ఉంటుంది, మీరు నింపే భాగం నింపి, మీ రిఫరెన్స్ నంబరు రాసి యూనివర్సిటీకి ఇవ్వాలి. ఇంకో పద్ధతిలో వెరిఫికేషన్ ఏజెన్సీ, అంటే మీ కాగితాలు నిజమా కాదా తేల్చే సంస్థ, యూనివర్సిటీకి మెయిల్ పెడుతుంది. ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా దెబ్బతింటున్నారు. మెయిల్ వచ్చింది, ఎవరూ చూడలేదు, గడువు అయిపోయింది, మీ రిపోర్ట్‌లో "నిర్ధారించలేకపోయాం" అని పడింది. తప్పు మీది కాదు, నష్టం మీదే. కాబట్టి మెయిల్ ఏ తేదీన, ఏ అడ్రసుకు వెళ్లిందో ఏజెన్సీని అడిగి ప్రింట్ తీసుకుని, ఎగ్జామినేషన్ బ్రాంచికి వెళ్లి, వెరిఫికేషన్ ఫీజు కట్టాలంటే కట్టి, జవాబు వెళ్లేదాకా వారానికోసారి మర్యాదగా అడుగుతూ ఉండండి. ఊళ్లో లేనివాళ్లు అన్ననో తమ్ముణ్నో పంపండి, సంతకం పెట్టిన ఆథరైజేషన్ లెటర్, మీ ఐడీ జిరాక్స్ ఇచ్చి.

బీఎడ్ దగ్గర ఆగి చూడండి

డిగ్రీకి యూనివర్సిటీ ఉంది. బీఎడ్ దగ్గర మనకు అసలు సమస్య మొదలవుతుంది. మార్కులు యూనివర్సిటీలో ఉంటాయి, కానీ బయటి దేశాలు మార్కులతో ఆగవు. మీరు ఎన్ని రోజులు స్కూల్లో, ఎవరి పర్యవేక్షణలో, ఏ తరగతులకు, ఏ సబ్జెక్టు చెప్పి ప్రాక్టీస్ చేశారని అడుగుతాయి. ఆస్ట్రేలియాలో వలస కోసం టీచర్ల అర్హతలు చూసే ఏఐటీఎస్ఎల్ కనీసం 45 రోజుల పర్యవేక్షిత ప్రాక్టీస్ టీచింగ్ ఉండాలంటుంది, దానికి కాలేజీ నుంచి లెటర్ కావాలి. మొత్తం ఉన్నత చదువు నాలుగేళ్లకు తక్కువ ఉండకూడదు కూడా. పాత ఒక సంవత్సరం బీఎడ్ చేసినవాళ్లకు మూడేళ్ల డిగ్రీతో కలిపి సరిగ్గా నాలుగే అవుతాయి. 2015లో బీఎడ్ రెండేళ్లయింది, 20 వారాల స్కూల్ ఇంటర్న్‌షిప్ వచ్చింది, కొత్తవాళ్లకు రోజుల లెక్కలో ఇబ్బంది ఉండదు. పాతవాళ్లే జాగ్రత్త పడాలి.

ఆ రోజుల లెక్క రాసి ఉండేది కాలేజీలో. మన జిల్లాల్లో ఒకప్పుడు సందుకొకటి వచ్చిన ప్రైవేటు బీఎడ్ కాలేజీల్లో ఎన్నో ఇప్పుడు లేవు. నేను చదివిన కాలేజీ బిల్డింగ్‌లో ఇప్పుడు ఫంక్షన్ హాల్ నడుస్తోంది. లెటర్ కోసం వెళ్తే గేటు దగ్గర వాచ్‌మన్ "ఇక్కడ కాలేజీ ఎక్కడిది" అన్నాడు. చివరికి మా అప్పటి ప్రిన్సిపాల్ గారిని వెతుక్కుంటూ వెళ్లాం, ఆయన రిటైరై ఇంట్లో ఉన్నారు, పాత లెటర్‌హెడ్ లేదు, కాలేజీ సీల్ లేదు. ఆయన మాట నిజమే, కానీ ఆ మాటకు బయటి దేశంలో విలువ లేదు.

కాబట్టి మీ కాలేజీ ఇంకా నడుస్తుంటే, విదేశాలకు వెళ్లే ఆలోచన ఇప్పుడు లేకపోయినా సరే, ఈ నెలలోనే వెళ్లి ఆ లెటర్ తీసుకోండి. అందులో ఉండాల్సినవి: మీరు చదివిన సంవత్సరాలు, రెగ్యులర్ కోర్సు అన్న మాట, మీ రెండు మెథడాలజీలు, ప్రాక్టీస్ టీచింగ్ మొత్తం రోజులు, ఏ స్కూల్లో, ఏ తరగతులకు, కాలేజీకి ఎన్‌సీటీఈ (టీచర్ శిక్షణ కాలేజీలను గుర్తించే కేంద్ర సంస్థ) గుర్తింపు ఉన్న సంగతి, ప్రిన్సిపాల్ పేరు, సంతకం, సీల్, తేదీ, ఫోన్, మెయిల్. జరగని రోజులు రాయించుకోకండి, వాళ్లు రాస్తామన్నా వద్దనండి. మీ లెసన్ ప్లాన్ రికార్డులు అటక మీద ఉంటే కిందికి దించండి, తూకానికి వేయకండి, అందులో ప్రతి పాఠం కింద తేదీ, సూపర్‌వైజర్ సంతకం ఉంటాయి. కాలేజీ మూతపడినవాళ్లు యూనివర్సిటీలో ఎడ్యుకేషన్ ఫ్యాకల్టీ డీన్‌కు దరఖాస్తు పెట్టండి, అప్పటి సిలబస్ కాపీ మీద ధ్రువీకరణ అడగండి, ఎందుకంటే ప్రాక్టీస్ టీచింగ్‌కు ఎంత సమయం కేటాయించారో సిలబస్‌లో ఉంటుంది. నేను చివరికి ఆ సిలబస్, రికార్డు పుస్తకాలు రెండూ స్కాన్ చేసి, కాలేజీ మూతపడిందని చెప్పే లెటర్ జతచేసి పంపాను. ఒప్పుకున్నారు, కానీ మూడు నెలలు పట్టింది.

టెట్ గురించి ఒక మాట. టెట్ పాసవడం మంచిదే, ఫైల్లో పెట్టండి, కానీ దాన్ని టీచింగ్ లైసెన్స్ అని రాయకండి. మన దగ్గర డాక్టర్లకు మెడికల్ కౌన్సిల్ ఉన్నట్టు టీచర్లకు రిజిస్ట్రేషన్ కౌన్సిల్ లేదు. ఫారంలో లైసెన్స్ నంబర్ అడిగితే, మన దేశంలో ఆ విధానం లేదు, బీఎడ్, టెట్ అర్హతగా తీసుకుంటారని వివరంగా రాయండి.

అనుభవం: ఎవరూ రాసుకోని లెక్క

సర్కారు బడిలో చేసినవాళ్లకు సర్వీస్ రిజిస్టర్ ఉంటుంది, బాధ లేదు. ప్రైవేటు వాళ్ల పరిస్థితి వేరు. అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఉండదు, జీతం చేతికిస్తారు, సెలవుల్లో ఇవ్వరు, మానేస్తామంటే సర్టిఫికేట్ ఇవ్వనంటారు. నేను పనిచేసిన ఒక స్కూల్లో చేరేటప్పుడే ఒరిజినల్స్ తీసుకుని పెట్టుకున్నారు, సంవత్సరం మధ్యలో మానకుండా. వాటి కోసం నేను పదకొండు సార్లు తిరిగాను. ఎవరు అడిగినా ఒరిజినల్స్ ఇవ్వకండి, చూపించి వెనక్కి తెచ్చుకోండి.

అనుభవ పత్రం "శ్రీమతి ఫలానా మా పాఠశాలలో పనిచేసినారు, ప్రవర్తన సంతృప్తికరం" అని రెండు లైన్లుంటే ఎందుకూ పనికిరాదు. చేరిన తేదీ, మానిన తేదీ, ఫుల్‌టైమా కాదా, ఏ సబ్జెక్టు, ఏ తరగతులు, వారానికి ఎన్ని పీరియడ్లు, స్టేట్ సిలబస్సా సీబీఎస్ఈనా, ఏ మీడియం, స్కూల్ గుర్తింపు నంబరు, యూడైస్ కోడ్ (ప్రతి స్కూలుకూ ప్రభుత్వం ఇచ్చే నంబరు), ఇవన్నీ ఉండాలి. వీలైతే డీఈఓ ఆఫీసులో కౌంటర్ సంతకం చేయించండి, అప్పుడు స్కూలు పేరు మారినా, చేతులు మారినా మీ పత్రానికి ఒక ఆఫీసు అండగా ఉంటుంది. ఇంకో చిక్కు, స్కూల్ మెయిల్ అంటూ కరెస్పాండెంట్ గారి సొంత జీమెయిల్ ఇస్తారు. వెరిఫికేషన్ వాళ్లు దాన్ని నమ్మరు. స్కూల్ పేరు మీద వెబ్‌సైట్, మెయిల్ ఉంటే అదే రాయించండి, లేకపోతే ల్యాండ్‌లైన్ నంబరైనా ఇప్పించండి.

పత్రం ఇవ్వని చోట జీతం జాడ వెతకండి. బ్యాంకులో పడిన జీతం స్టేట్‌మెంట్, పీఎఫ్ పాస్‌బుక్, ఫాం 16, స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లిన ఆర్డరు, ఇన్విజిలేషన్ డ్యూటీ ఆర్డరు, ట్రైనింగ్‌కు వెళ్లిన సర్టిఫికేట్. వీటిలో ఒక్కొక్కటీ చిన్నదే, అన్నీ కలిపితే ఆ సంవత్సరాల్లో మీరు ఆ తరగతి గదిలో ఉన్నారని చెప్తాయి. ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లు జీతం బ్యాంకులోనే వేయమని అడగండి, మొహమాటపడకండి.

ముద్రల దారి

హెచ్‌ఆర్‌డీ, ఎంఈఏ, ఎంబసీ అని మూడు మాటలు వింటారు. దారి ఇలా ఉంటుంది. చదువు కాగితాలకు ముందు రాష్ట్ర ప్రభుత్వ విద్యాశాఖ ధ్రువీకరణ, దాన్నే అందరూ ఇప్పటికీ హెచ్‌ఆర్‌డీ అటెస్టేషన్ అంటారు. దాని మీద కేంద్ర విదేశాంగ శాఖ ముద్ర, ఎంఈఏ అంటే అదే. ఒక దేశం ధ్రువీకరించిన కాగితాన్ని ఇంకో దేశం ఒప్పుకునే హేగ్ ఒప్పందంలో మీరు వెళ్లే దేశం ఉంటే విదేశాంగ శాఖ అపోస్టిల్ అనే ధ్రువీకరణ ఇస్తుంది, కాగితం వెనక నంబరు ఉన్న చతురస్రపు స్టిక్కర్ అతికిస్తారు, అక్కడితో అయిపోయినట్టే. ఒప్పందంలో లేని దేశమైతే విదేశాంగ శాఖ అటెస్టేషన్ తర్వాత ఆ దేశపు ఎంబసీ ముద్ర, అక్కడికి వెళ్లాక వాళ్ల విదేశాంగ శాఖ ముద్ర కూడా.

మనవాళ్లు ఎక్కువగా వెళ్లే చోట్లు చూస్తే యూఏఈ, ఖతర్, కువైట్‌లకు ఎంబసీ దారి. ఒమాన్, బహ్రెయిన్‌లకు అపోస్టిల్. సౌదీ 2022 డిసెంబరులో అపోస్టిల్‌లో చేరింది, కాబట్టి పదేళ్ల కింద వెళ్లొచ్చిన బాబాయి చెప్పిన దారి ఇప్పుడు మీకు వర్తించదు. బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ అన్నీ అపోస్టిల్ దేశాలే, 2024 జనవరి నుంచి కెనడా కూడా.

విదేశాంగ శాఖ 2012 నుంచి మన చేతి మీదుగా కాగితాలు తీసుకోవడం లేదు, వాళ్లు నియమించిన ఏజెన్సీల కౌంటర్లలోనే ఇవ్వాలి. ఢిల్లీ పోనక్కర్లేదు, హైదరాబాద్‌లోనే అవుతుంది. అపోస్టిల్‌కు సర్కారు ఫీజు డాక్యుమెంటుకు 50 రూపాయలు, దానిపైన ఏజెన్సీ సర్వీసు చార్జీ. ఇది తెలిస్తే ఊళ్లో ఏజెంటు ఒక్కో డాక్యుమెంటుకు వేలు అడిగినప్పుడు దేనికి అడుగుతున్నాడో మీరు ప్రశ్నించగలరు. ఎంబసీ ఫీజులు మాత్రం నిజంగానే ఎక్కువ. టైమున్నవాళ్లు కాజీపేటలో పొద్దున రైలెక్కి వెళ్లి సొంతంగా చేయించుకోవచ్చు, ఒక రోజులో అయ్యేది కాదు, రెండుమూడు తిరుగుళ్లు ఉంటాయని ముందే అనుకోండి.

పెళ్లి సర్టిఫికేట్, పిల్లల పుట్టిన సర్టిఫికేట్లు విద్యాశాఖకు వెళ్లవు, వాటిది హోం శాఖ లేదా జనరల్ అడ్మినిస్ట్రేషన్ దారి. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవ ద్వారా తీసుకోవాలి, దానికి గడువు ఉంటుంది కాబట్టి అన్నింటికన్నా చివర పెట్టుకోండి.

ఏ దేశం ఏం అడుగుతుంది

ఇంగ్లండ్‌లో క్వాలిఫైడ్ టీచర్ స్టేటస్ (అర్హత ఉన్న టీచరుగా అక్కడి గుర్తింపు) కోసం 2023 ఫిబ్రవరి నుంచి మనవాళ్లు నేరుగా అప్లై చేయొచ్చు, అప్లికేషన్‌కు ఫీజు లేదు. మన దేశం వాళ్లకు ఇది 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు గణితం, సైన్స్, విదేశీ భాషలు చెప్పే అర్హత ఉన్నవాళ్లకే. సోషల్ చెప్పేవాళ్లు, ప్రైమరీ వాళ్లు ఎవరో అవుతుందన్నారని డబ్బు కట్టకండి. డిగ్రీ, బీఎడ్, కనీసం ఒక విద్యాసంవత్సరం అనుభవం, ఇంగ్లిష్ రుజువు, మీ మీద ఏ చర్యా లేదని చూపే లేఖ అడుగుతారు.

అమెరికాకు ఎక్కువమంది టీచర్లు వెళ్లేది జే-1 ఎక్స్‌ఛేంజ్ వీసా మీద. రెండేళ్ల ఫుల్‌టైమ్ అనుభవం కావాలి, డిగ్రీకి కోర్సువారీ ఎవాల్యుయేషన్ కావాలి. ఇక్కడ మన మూడేళ్ల డిగ్రీ ఒక్కటే పంపితే వాళ్ల నాలుగేళ్ల డిగ్రీకి సమానం కాదనే ప్రమాదం ఉంది, బీఎడ్, పీజీ అన్నీ ఒకేసారి పంపండి. పైగా అక్కడ టీచర్ సర్టిఫికేషన్ ఏ రాష్ట్రానికా రాష్ట్రం ఇస్తుంది. అందుకే ఏ ఎవాల్యుయేషన్ సంస్థ రిపోర్ట్ ఒప్పుకుంటారో ముందు ఆ రాష్ట్రాన్ని లేదా మీ స్పాన్సర్‌ను అడిగి, తర్వాతే ఫీజు కట్టండి.

ఆస్ట్రేలియాలో ఏఐటీఎస్ఎల్ ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో చదవడం, రాయడంలో 7, వినడం, మాట్లాడడంలో 8 అడుగుతుంది. ఆ 8 దగ్గర బాగా చదివినవాళ్లే ఆగిపోతున్నారు, దానికి విడిగా టైం ఇవ్వండి. న్యూజిలాండ్‌కు ముందు డిగ్రీలను అంచనా వేసే ఎన్‌జెడ్‌క్యూఏ రిపోర్ట్, ఆ తర్వాత టీచర్లను రిజిస్టర్ చేసే టీచింగ్ కౌన్సిల్.

డబ్బు అడిగేవాళ్లు

ఏజెంటు ద్వారా వెళ్లేటట్టయితే కేంద్ర ప్రభుత్వపు ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో అతని రిజిస్ట్రేషన్ నంబరు చూడండి. రిజిస్టర్డ్ ఏజెంటు మీ దగ్గర తీసుకోగల సర్వీస్ చార్జీకి పరిమితి 30,000 రూపాయలు, ఆపైన జీఎస్టీ. విదేశీ ఉద్యోగాలకు పంపడానికి రాష్ట్ర ప్రభుత్వానికే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది, ముందు అక్కడ అడగండి.

"ప్రాక్టీస్ టీచింగ్ లెటర్ మేమే చేసిస్తాం, అనుభవం ఐదేళ్లు వేసిస్తాం" అనేవాళ్లు మన ఊళ్లోనూ ఉన్నారు. దయచేసి వాళ్ల జోలికి వెళ్లకండి. ఒక్క నకిలీ కాగితం కలిస్తే పక్కనున్న పది నిజమైన కాగితాలూ అనుమానంలో పడతాయి, వీసా మీద నిషేధం పడుతుంది, ఇక్కడ కేసవుతుంది. మనతో ఆగదు కూడా. ఒక యూనివర్సిటీ పేరు మీద రెండు నకిలీలు దొరికితే ఆ తర్వాత వచ్చే ప్రతి పిల్లనూ రెండింతలు గుచ్చి గుచ్చి అడుగుతారు.

ఫైల్ కట్టేటప్పుడు

ప్రతి ముద్ర పడ్డాక కాగితం ముందూ వెనకా కలర్‌లో స్కాన్ చేయండి, చాలామంది వెనకవైపు మర్చిపోతారు, స్టిక్కర్ ఉండేది వెనకే. అపోస్టిల్ నంబర్లు, తేదీలు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, మెయిల్లో కూడా ఒక కాపీ ఉంచండి. ఏ ఆఫీసులో ఎవరికి ఏ తేదీన ఇచ్చారో, రసీదు నంబరు ఎంతో అదే పుస్తకంలో రాయండి. విమానంలో ఒరిజినల్స్ చేతి బ్యాగులో పెట్టుకోండి, పెద్ద సూట్‌కేసులో వేయకండి. స్కాన్ కాపీలున్న పెన్‌డ్రైవ్ ఒకటి, ఆ నోట్‌బుక్ జిరాక్స్ ఒకటి ఇంట్లో అమ్మ దగ్గరో తమ్ముడి దగ్గరో ఉంచి వెళ్లండి. అక్కడ చేరిన రెండో నెలలో స్కూల్ వాళ్లు ఇంకో లెటర్ అడిగితే యూనివర్సిటీ కౌంటర్ దగ్గర నిలబడేది వాళ్లే, వాళ్లకు మీ హాల్‌టికెట్ నంబరు తెలిసి ఉండాలి.